ఏడాదికొక చొక్కా : కలకత్తా మైదానంలో హైదరాబాదు హబీబ్

మన పెదవేగిలో చరిత్ర అనగానే వేంగి రాజుల మాట వస్తుంది. శాలంకాయనుల రాజధాని మన ఊరేనని, ఆ తరువాత తూర్పు చాళుక్యులు ఈ నేలనుంచే ఏలారని, తవ్వకాల్లో బయటపడిన ఇటుక కట్టడాలు అందుకు సాక్ష్యమని మన పిల్లలకు బడిలో చెబుతూనే ఉన్నారు. అది గొప్ప చరిత్రే, కాదనేవారు లేరు. అయితే సింహాసనాలు ఎక్కినవారికే చరిత్ర ఉంటుందా? రెక్కల కష్టం మీద బతికినవారికి, ఊరు వదలి పొట్ట చేతబట్టుకుని వెళ్ళి పేరు తెచ్చుకున్నవారికి ఉండదా? ఏలూరు తంగెళ్ళమూడి మగ్గాల మీద తివాచీలు నేసిన చేతులకు ఎంత చరిత్ర ఉందో మనకు తెలుసు. ఈ సంచికలో మేము చేతుల సంగతి కాకుండా కాళ్ళ సంగతి చెప్పదలచాము. ఆ కాళ్ళు హైదరాబాదు ఫుట్‌బాల్ ఆటగాడు మహమ్మద్ హబీబ్‌వి.

ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మన సభ్యుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మా వాడు ఆటలో దిట్ట అంటున్నారు, చదువులో అంతంత మాత్రం. ఆటను నమ్ముకుంటే అన్నం దొరుకుతుందా?" ఈ ప్రశ్నకు అవునని చెప్పడం తేలిక, కాదని చెప్పడం ఇంకా తేలిక. రెండూ తప్పించుకునే జవాబులే. ఆటనే నమ్ముకుని, వేరే ఉద్యోగం వద్దనుకుని, పద్ధెనిమిదేళ్ళపాటు క్లబ్బు నుంచి క్లబ్బుకు మారుతూ బతికిన ఒక మనిషి జీవితాన్ని ముందు పెట్టుకుని చూస్తే, జవాబు కొంత దొరుకుతుందని మా నమ్మకం.

ఇంట గెలిచిన కాలం

హబీబ్ కథ చెప్పాలంటే ముందు హైదరాబాదు ఫుట్‌బాల్ కథ చెప్పాలి. 1948లో నిజాం పాలన ముగిసింది. సైన్యం రద్దయింది, మరుసటి ఏడాది జాగీర్లు పోయాయి. వాటిని నమ్ముకున్న ఎన్నో ముస్లిం కుటుంబాలకు పాత కొలువులు లేకుండా పోయాయి. అటువంటి రోజుల్లో నగరంలో కుర్రవాళ్ళకు ఒక దారి కనిపించింది. బంతి బాగా ఆడగలిగితే పోలీసులోనో మరో శాఖలోనో ఉద్యోగం దొరికేది. నెల జీతం చిన్నదే, కాని ఇల్లు గడిచేది.

ఆ దారి వేసినవారిలో అగ్రగణ్యులు సయ్యద్ అబ్దుల్ రహీం. స్వతహాగా బడిపంతులు. 1909లో హైదరాబాదులో పుట్టారు. రహీం సాబ్ శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. భారత జట్టు శిక్షకులుగా ఆయన 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు సాధించి పెట్టారు. నడుమ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్లలో హైదరాబాదువారి సంఖ్య చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది.

పంతులుగారి పద్ధతి కూడా పంతులు పద్ధతే. బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని వయ్యారాలు పోకూడదని, వెంటనే తోటివాడికి అందించాలని నేర్పడానికి, డ్రిబ్లింగ్ చెయ్యరాదనే నియమంతో ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. కుడికాలివాడు ఎడమకాలితోనే ఆడాలని మరికొన్ని పోటీలు. అవి పెద్ద ఖర్చు లేని ఉపాయాలు. అలా తయారైన నగరంలో, 1949 జులైలో, హబీబ్ పుట్టారు. ఆ ఇంట్లో అన్నదమ్ములు ఆరుగురూ బంతి ఆడినవారే. తమ్ముడు మహమ్మద్ అక్బర్ కూడా తరువాత కలకత్తాలో ఎంతో పేరు తెచ్చుకున్నారు.

1963 జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు. అప్పటికి హబీబ్‌కు పధ్నాలుగేళ్ళు నిండలేదు. ఆ పెద్దాయన వేసిన పునాది మాత్రం ఇంకా గట్టిగా ఉంది. 1965-66లో మన ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనల్‌లో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. ఆ జట్టులో లేత వయసు హబీబ్ ఉన్నారు. ఓడిపోయిన బెంగాల్ వాళ్ళ కళ్ళు ఆ కుర్రవాడి మీద పడ్డాయి.

రచ్చకు ప్రయాణం

1966లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బు హబీబ్‌ను పిలిచింది. పదిహేడేళ్ళ వయసు. మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కూడా అదే కాలంలో ఆ క్లబ్బుకు వెళ్ళారు. కలకత్తాకు దక్షిణాది ఆటగాళ్ళు కొత్త కాదు. 1950 ప్రాంతాల్లోనే ఈస్ట్ బెంగాల్ ముందు వరుసలో వెంకటేష్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు దక్షిణాదివారు ఉండేవారు. అక్కడి జనం వారిని పంచపాండవులని పిలిచారు. 1957లో సికింద్రాబాదు తులసీదాస్ బలరాం వెళ్ళారు. కనుక హబీబ్ నడిచినది అలవాటైన బాటే.

కలకత్తాలో బంతి ఆట అంటే మాటలు కాదు. మూడు పెద్ద క్లబ్బులు. 1889లో పుట్టిన మోహన్ బగాన్ 1911లో, ఎక్కువమంది ఉత్త కాళ్ళతో ఆడుతూ, తెల్లవారి పటాలం జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డు గెలిచిన ఘనత గలది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్, దేశ విభజన తరువాత తూర్పు బెంగాలు నుంచి కట్టుబట్టలతో వచ్చిన కాందిశీకులకు సొంతింటివంటిదైంది. 1891 నాటి మహమ్మడన్ స్పోర్టింగ్ 1934లో కలకత్తా లీగు గెలిచిన మొట్టమొదటి భారతీయ క్లబ్బు. ఆ తరువాత 1938 దాకా ఆ కప్పును ఎవరికీ వదలలేదు. దేశమంతటా ముస్లిం ఇళ్ళలో ఆ క్లబ్బు పేరు చెప్పుకునేవారు.

ఆ మహమ్మడన్ జట్టులోని మహమ్మద్ సలీం అనే కలకత్తా యువకుడి సంగతి ఇక్కడ ఒక్క మాట చెప్పక తప్పదు. 1936లో ఆయన స్కాట్లాండు వెళ్ళి, సెల్టిక్ అనే పేరుమోసిన క్లబ్బు తరఫున బూట్లు లేకుండా, పాదాలకు కట్లు కట్టుకుని రెండు మ్యాచ్‌లు ఆడారు. అక్కడివారు మెచ్చుకున్నారు, ఉండిపొమ్మన్నారు. ఆయనకు ఇంటి మీద బెంగ. తిరిగి వచ్చేశారు. పొట్టకోసం, పేరుకోసం బయలుదేరిన ప్రతి ఆటగాడికీ ఈ బెంగ ఉంటుంది. కొందరు దాన్ని దిగమింగుకుంటారు, కొందరు మింగలేరు. హబీబ్ దిగమింగుకున్నవారు.

ఏడాది లీజు

ఆ రోజుల్లో కలకత్తా ఆటగాళ్ళ ఏర్పాటు ఎలా ఉండేదో మన కొల్లేటి ప్రాంతంవారికి చెప్పడం చాలా సులువు. చేపల చెరువు లీజు ఎలా ఉంటుందో అలాగే. గడువు ముగిసేసరికి మళ్ళీ బేరం. చెరువు అదే, పాటదారు మారవచ్చు. అక్కడ ఆటగాడు ఏటా సీజనుకు ముందు ఫుట్‌బాల్ సంఘం ఆఫీసుకు వెళ్ళి, ఫలానా క్లబ్బుకు ఆడతానని సంతకం పెట్టాలి. ఆ సంతకం ఆ ఏడాదికే చెల్లుతుంది. సంతకాల రోజులు దగ్గరపడితే క్లబ్బుల పెద్దలు మంచి ఆటగాళ్ళను ఎవరి కంటా పడకుండా ఎక్కడో దాచి ఉంచేవారు. ఎదుటి క్లబ్బువాళ్ళు ఎత్తుకుపోతారేమోనని భయం.

విచిత్రం ఏమిటంటే, కాగితం మీద వీళ్ళంతా డబ్బు కోసం ఆడేవారు కారు. పేరుకు అమెచ్యూర్లు, అంటే సరదాకు ఆడేవారు. చేతికి ముట్టేది ఖర్చుల పేరుతోనో, బహుమానం పేరుతోనో ముట్టేది. అందువల్ల తెలివిగల ఆటగాడు రెండు కాళ్ళూ రెండు చోట్ల పెట్టేవాడు. ఒకటి క్లబ్బులో, రెండోది రైల్వేలోనో, బ్యాంకులోనో, ఓడరేవులోనో ఒక ఉద్యోగంలో. క్లబ్బు డబ్బు పైసంపాదన, ఉద్యోగం భోజనం. ఆట ముగిసిన తరువాత పింఛను అందేది ఆ ఉద్యోగం నుంచే.

హబీబ్ ఈ పద్ధతికి ఒప్పుకోలేదు. మంచి దశలో ఉండగా వచ్చిన ఉద్యోగాలను కాదన్నారు. ఆట మీద ధ్యాస చెదరకూడదని, పూర్తిగా ఆటకే అంకితం కావాలని ఆయన నిర్ణయం. అందుకే ఫుట్‌బాల్ చరిత్ర రాసేవారు ఆయనను మన దేశపు మొట్టమొదటి నిజమైన వృత్తి ఆటగాడని చెబుతుంటారు. కాగితం మీద వృత్తి అన్న మాటే లేని కాలంలో ఆయన దాన్ని వృత్తిగా చేసుకున్నారు. ఇది గొప్ప ధైర్యం. దానితోపాటు పెద్ద జూదం కూడాను.

పోల్చి చూద్దాం. ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటకు జీతం పుచ్చుకోవడం 1885లోనే చట్టబద్ధమైంది. అయినా 1961 దాకా అక్కడి ఆటగాడి వారపు జీతానికి హద్దు ఉండేది, చివరి రోజుల్లో అది 20 పౌండ్లు. ఒప్పందం గడువు ముగిసినా పాత క్లబ్బు అనుమతి లేనిదే వేరే క్లబ్బుకు పోయే హక్కు చాలాకాలం ఉండేది కాదు. జీతం ఉంది, స్వేచ్ఛ లేదు. మన కలకత్తాలో సరిగ్గా తలకిందులు. ఏటా ఇష్టమైన క్లబ్బుకు పోయే స్వేచ్ఛ ఉంది, జీతానికి మాత్రం రాతకోతలు లేవు. కాలు విరిగితే అడిగే కాగితం లేదు. రెండు చోట్లా నష్టపడింది ఆడేవాడే.

ఎనిమిది మజిలీలు

ఇక హబీబ్ మజిలీలు వరుసగా చూద్దాం. 1966లో ఈస్ట్ బెంగాల్. 1968లో మోహన్ బగాన్. 1970లో మళ్ళీ ఈస్ట్ బెంగాల్, అక్కడ 1974 దాకా. 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్. 1976 నుంచి 1978 వరకు మోహన్ బగాన్. 1979లో తిరిగి మహమ్మడన్. 1980, 1981లో ఈస్ట్ బెంగాల్. 1982 నుంచి మోహన్ బగాన్, 1984లో ముగింపు. మొత్తం ఎనిమిది మజిలీలు, మూడు చొక్కాలు. ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు, మోహన్ బగాన్ ఆకుపచ్చ-మెరూన్, మహమ్మడన్ నలుపు-తెలుపు.

ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అభిమానుల మధ్య పగ ఎటువంటిదో ఎరిగినవారికి ఈ జాబితా విలువ తెలుస్తుంది. ఒక గూటినుంచి రెండో గూటికి మారిన ఆటగాణ్ణి ద్రోహి అని తిట్టేవారు. హబీబ్ అటూ ఇటూ ఎన్నిమార్లు మారినా, ఆయన్ని మూడు గూళ్ళవారూ "బడే మియా" అనే పిలిచారు. ఇదెలా సాధ్యమైంది? మాకు తోచిన కారణం ఒక్కటే. ఏ చొక్కా తొడిగితే ఆ చొక్కాకు ఆ తొంభై నిముషాలూ ప్రాణం పెట్టి ఆడారు. పొడగరి కాదు. అయినా పెద్ద పెద్ద డిఫెండర్ల నడుమ తలతో బంతిని అందుకునేవారు. పోయిన బంతి వెంట మళ్ళీ పరుగెత్తేవారు. తీసుకున్న కూలికి పూర్తి పని చేసినవాణ్ణి ఎవరు మాత్రం ఏమనగలరు?

1970 నుంచి 1975 వరకు ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరేళ్ళు కలకత్తా లీగు గెలిచింది. అందులో మొదటి ఐదేళ్ళూ హబీబ్ అక్కడే ఉన్నారు. 1970లో ఇరాన్ నుంచి వచ్చిన పాస్ టెహరాన్ జట్టును ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్‌లో ఈస్ట్ బెంగాల్ ఓడించింది. 1973లో ఉత్తర కొరియా ప్యాంగ్యాంగ్ జట్టుకూ అదే గతి పట్టించింది. 1975లో హబీబ్ మహమ్మడన్‌కు వెళ్ళారు. ఆ ఏడాది కూడా లీగు ఈస్ట్ బెంగాల్‌దే. అంటే మారిన ప్రతిసారీ అదృష్టం ఆయన వెంటే రాలేదన్నమాట. ఇది కూడా చెప్పుకోవాలి. గెలిచిన ఏళ్ళే చెబితే అది చరిత్ర అనిపించుకోదు.

1976లో అన్నదమ్ములిద్దరూ మోహన్ బగాన్‌లో ఉన్నారు. లీగులో ఈస్ట్ బెంగాల్‌తో జరిగిన మ్యాచ్‌లో ఆట మొదలైన 17 సెకన్లకే తమ్ముడు అక్బర్ గోల్ కొట్టారు. ఆ లీగు మోహన్ బగాన్‌కు దక్కింది. 1977లో అదే జట్టు ఐ.ఎఫ్.ఏ. షీల్డు, డ్యురాండ్ కప్పు, రోవర్స్ కప్పు మూడూ ఒకే సీజనులో గెలిచింది.

1977 అనగానే పెద్దవయసు వారందరికీ గుర్తు వచ్చేది పీలే రాక. ఆ ఏడాది సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో న్యూయార్క్ కాస్మాస్ జట్టు మోహన్ బగాన్‌తో ఆడింది. వానకు తడిసి ముద్దయిన మైదానం. ఎదుట పీలే, కార్లోస్ ఆల్బెర్టో, కినాలియా వంటి లోకప్రసిద్ధులు. మ్యాచ్ 2-2తో సమంగా ముగిసింది. మోహన్ బగాన్ రెండు గోల్స్‌లో ఒకటి శ్యామ్ థాపాది, రెండోది హబీబ్‌ది. ఏ ఉద్యోగమూ లేని, ఏడాది సంతకం మీద బతికే ఒక హైదరాబాదు మనిషి ప్రపంచంలోకెల్లా పెద్ద పేరున్న ఆటగాడి జట్టు మీద గోల్ కొట్టాడు.

1980లో మరో మలుపు. ఆ ఏడు ఈస్ట్ బెంగాల్ నుంచి పేరున్న ఆటగాళ్ళు గుంపుగా వెళ్ళిపోయారు. ఎక్కువమంది మహమ్మడన్ చేరారు. హబీబ్ మాత్రం ఎదురు దిశలో, మహమ్మడన్ నుంచి ఖాళీ అయిన ఈస్ట్ బెంగాల్ ఇంటికి వచ్చారు. అలీఘర్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మజీద్ బిష్కర్, జంషీద్ నసీరీ అనే ఇరాన్ యువకులు కూడా అప్పుడే వచ్చారు. ముప్ఫై దాటిన హబీబ్ ఆ కొత్తవారికి పెద్దదిక్కు. ఆ జట్టు మోహన్ బగాన్‌తో కలిసి ఫెడరేషన్ కప్పు పంచుకుంది. ఆ ఏడాదే ఆయనకు అర్జున అవార్డు లభించింది. అదే 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు క్లబ్బుల మ్యాచ్ చూడవచ్చిన 16 మంది గొడవలో, తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. అభిమానం హద్దు దాటితే ఎంత పని చేస్తుందో చెప్పే ఘోరమది.

దేశం తరఫున కూడా ఆయన లెక్క తక్కువది కాదు. 1967లో కౌలాలంపూర్ మెర్డెకా పోటీల్లో థాయిలాండు మీద మొదటిసారి భారత చొక్కా తొడిగారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో నయీముద్దీన్ నాయకత్వాన మన జట్టు జపాన్‌ను ఓడించి కంచు పతకం తెచ్చింది. ఆ జట్టులో హబీబ్ ఒకరు. 2023 హాంగ్‌ఝౌ క్రీడల దాకా చూసినా, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే ఆఖరి పతకం. రాష్ట్రాల పోటీ సంతోష్ ట్రోఫీలో, మొదట ఆంధ్రప్రదేశ్ తరఫున బెంగాల్‌ను ఓడించిన ఆయనే, 1969లో నౌగాంగ్‌లో బెంగాల్ తరఫున ఆడి 11 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచి ఆ కప్పు తెచ్చిపెట్టారు.

లోకంలో తీరు

ఇలా జట్టు నుంచి జట్టుకు తిరిగే ఆటగాళ్ళు లోకమంతటా ఉన్నారు. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటకు కోట్ల డాలర్ల రాబడి ఉంది. అక్కడ కూడా పది రోజులకే పరిమితమైన ఒప్పందం ఒకటి ఉందంటే మనవాళ్ళు నమ్మరు. పది రోజులు ఆడు, నచ్చితే ఇంకో పది రోజులు, లేదంటే మూట సర్దుకో. ఇష్ స్మిత్ అనే ఆటగాడు అక్కడి పెద్ద లీగులో 13 జట్లకు ఆడారు. అది రికార్డు. పదమూడవ జట్టు డెన్వర్‌తో 2023లో విజేత అయ్యారు. అన్ని ఊళ్ళు తిరిగినా అతనికి ఒక ధీమా ఉంది. అక్కడ ఆటగాళ్ళకు సంఘం ఉంది, రాతపూర్వకమైన ఒప్పందం ఉంది, ఆట మానేశాక పింఛను ఉంది. కనుక తిరుగుడు ఒక్కటే అయినా బతుకులు ఒక్కటి కావు. హబీబ్ తిరిగినప్పుడు ఆయన వెనక ఉన్నది ఆయన పేరు మాత్రమే.

ఇప్పుడు మన దగ్గర ఒప్పందాలు వచ్చాయి. 1996లో జాతీయ లీగు మొదలైంది, 2014లో ఇండియన్ సూపర్ లీగు వచ్చింది. జీతాలు లక్షల్లోకి, కోట్లలోకి పోయాయి. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్.సి. ఆ లీగు గెలిచినప్పుడు పాత అభిమానులు రహీం సాబ్ రోజులు తిరిగి వచ్చాయని సంబరపడ్డారు. రెండేళ్ళు తిరగకముందే, 2023-24 సీజనులో, జీతాల బకాయిల వల్ల ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఆ క్లబ్బు విడిచి వెళ్ళిపోయారు. కాగితం ఉన్నంత మాత్రాన కడుపు నిండదని దీనివల్ల తెలుస్తోంది. కాగితం వెనక నిలబడేవారు కూడా ఉండాలి.

ఆట ముగిశాక

1984లో, ముప్ఫై ఐదేళ్ళ వయసులో, హబీబ్ ఆట చాలించారు. తరువాత జంషెడ్‌పూర్‌లోని టాటా ఫుట్‌బాల్ అకాడమీలో శిక్షకులుగా పనిచేశారు. హల్దియాలో బెంగాల్ ఫుట్‌బాల్ సంఘంవారి అకాడమీని కూడా నడిపించారు. తనకు తెలిసినదాన్ని పిల్లలకు చెప్పడమే ఆయన రెండో వృత్తి. చివరి ఏళ్ళు అనారోగ్యంతో హైదరాబాదులో గడిపి, 2023 ఆగస్టు 15న కన్నుమూశారు. వయసు 74. దేశమంతా జెండాలు ఎగురవేసుకునే రోజున ఆ వార్త వచ్చింది. కలకత్తాలో మూడు గూళ్ళవారూ దుఃఖించారు. మన తెలుగు నాట మాత్రం చాలా ఇళ్ళలో ఆ పేరు విన్నవారే లేరు. బాధ కలిగించే మాట ఇదే. పదిహేడేళ్ళకు ఊరు విడిచిన మనిషిని పరాయి ఊరు సొంతం చేసుకుంది, సొంత నేల మరచిపోయింది.

గల్ఫుకు వెళ్ళిన మన అన్నదమ్ముల విషయంలో ఇటువంటిదే జరుగుతున్నదని మా సభ్యుల్లో చాలామంది ఎరుగుదురు. సంపాదించినంత కాలం అందరికీ చుట్టమే. ఒంట్లో సత్తువ తగ్గి తిరిగి వచ్చాక పలకరించేవారు కరువు. అందుచేతనే ఈ ఆటగాడి కథ మన కథ కాదని మేము అనుకోలేము.

మన ప్రశ్నకు జవాబు

మొదట చెప్పిన తల్లిదండ్రుల ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆటను నమ్ముకుంటే అన్నం దొరుకుతుందా? హబీబ్ జీవితాన్ని బట్టి చూస్తే, దొరుకుతుంది. అయితే ఆ అన్నం ఏడాది ఏడాదికీ కొత్తగా సంపాదించుకోవాలి, ముప్ఫై అయిదు దాటాక వేరే పొయ్యి వెతుక్కోవాలి. ఆయనకు సాధ్యమైనది ఆయన అసాధారణ ప్రతిభ వల్ల. మైదానంలో ఆడే ప్రతి కుర్రవాడూ హబీబ్ కాడు. ఆ పద్ధెనిమిదేళ్ళలో ఆయన పక్కన ఆడి, మోకాలు చెడిపోయి ఇంటికి తిరిగివచ్చినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. వారి సంగతి కూడా తలచుకోవాలి.

నేడు పరిస్థితి కొంత మెరుగు. నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. ఆటో నడిపిన తండ్రి కొడుకు మహమ్మద్ సిరాజ్ క్రికెట్‌లో దేశానికి ఆడుతున్నాడు. ఇద్దరికీ 2024లో తెలంగాణ ప్రభుత్వం డి.ఎస్.పి. ఉద్యోగాలు ఇచ్చింది. రహీం సాబ్ కాలంలో పోలీసు ఉద్యోగమే ఆటగాడికి ఆధారం అయినట్టు, ఇప్పుడు కూడా అదే ఆధారం కావడం గమనించవలసిన విషయం. డెబ్బై ఏళ్ళు గడిచినా మన దేశంలో ఆటగాడి భద్రత ఇంకా ప్రభుత్వ ఉద్యోగంలోనే ఉంది. కాని ఆ ఉద్యోగం శిఖరం ఎక్కినవారికి సులువుగా దొరుకుతుంది. జిల్లా స్థాయిలో, రాష్ట్ర స్థాయిలో ఆగిపోయినవారికి స్పోర్ట్స్ కోటా ఒక్కటే దారి, దానికి కూడా చదువు అర్హత అడుగుతారు.

అందుచేత మన పెదవేగి, ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల కుటుంబాలకు మేము వినయంగా చేసే మనవి ఇది. పిల్లవాడు గాని, పిల్ల గాని ఆటలో ముందుంటే ఆపకండి. ఇంటర్మీడియట్, డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్టునూ భద్రంగా దాచండి. ఉద్యోగం దరఖాస్తు రోజున ఆ కాగితమే మాట్లాడుతుంది. ఏ అకాడమీలోనైనా, క్లబ్బులోనైనా సంతకం పెట్టించే ముందు కాగితం చదివించుకోండి. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిదో అడగండి. అడగడానికి మొహమాటపడకండి. హబీబ్ కాలంలో అడగడానికి కాగితమే లేదు, ఇప్పుడు ఉంది.

సంఘం వైపునుంచి కూడా చెయ్యవలసినది ఉంది. మనం ఏటా ఇచ్చే విద్యార్థి వేతనాల్లో మార్కుల జాబితా ఒక్కటే చూస్తున్నాం. ఇకమీదట చదువు సాగిస్తూ జిల్లా స్థాయికి ఆడే ఒకరిద్దరు పిల్లలకు, అందులో ఒకరు ఆడపిల్ల అయ్యేటట్టు, బూట్లకు, ప్రయాణ ఖర్చులకు కొంత సొమ్ము కేటాయించే విషయం సర్వసభ్య సమావేశంలో పెట్టాలని మా కోరిక. రహీం సాబ్ పోటీలకు పెద్ద మైదానాలు, పెద్ద ఖర్చులు అవసరం పడలేదు. ఒక బంతి, ఒక నియమం, ఓపికగల ఒక పంతులు ఉంటే చాలింది. మన ప్రాంతంలో బంతులకు కొదవ లేదు, రిటైరైన పంతుళ్ళకూ కొదవ లేదు. వచ్చే ఏడాది సంచిక వేసేనాటికి మన పిల్లల్లో ఒక్కరి పేరైనా ఇందులో రాసుకోగలిగితే, ఈ వ్యాసం రాసిన శ్రమ ఫలించినట్టే.